మూడు రోజుల కాయ

కంచిలిలో ఉండి సోంపేట అని పిలిపించుకునే
రైలు స్టేషను ఎదురుగా
నా టికెట్ల కొట్టు.
దూరం సంగతి మా దగ్గర మొదట్నుంచీ కొంచెం అబద్ధమే.

వైశాఖం ఎండలో నీలాద్రి వచ్చాడు, పైపు ఫిట్టరు,
చంకలో ఒక పనసకాయ.
"లోలాక్షక్కా, విశాపట్నం నుంచి హస్సీ మెసౌద్
ఎంత దూరమో సూడు.
కిలోమీటర్లతో నాకేటి పని, గంటలు సెప్పు.
ఇది ఇక్కడ పండకూడదు, దార్లో పండకూడదు.
ఆ ఇసకలో దిగినాక పండాల."

కంప్యూటరు రెండు చుక్కలు పెట్టి
మధ్యన ఒక వంపు గీసింది.
ఏడు వేల ఏడొందల ఎనభై ఎనిమిది కిలోమీటర్లు,
తొమ్మిది గంటల పది నిమిషాలు.
సముద్రం, ఎడారి, మళ్ళీ సముద్రం, మళ్ళీ ఎడారి.
ఆ గీత ఎక్కడా ఆగదు.
దాని మీద ఎవరూ బెల్టు విప్పి, బూట్లు చేత పట్టుకుని
వరసలో నిలబడరు.

అప్పుడు అతని టికెట్టు తీసి చదివాను.
రాత్రి రైలు. తెల్లారి విశాఖలో విమానం.
ముంబైలో ఆరు గంటలు కూర్చోవడం, దోహాలో ఎనిమిది.
అల్జీర్స్‌లో ఒక రాత్రంతా ఇనుప కుర్చీ,
ఆపైన ఏదో చిన్న విమానం.
వేళ్ళు మడిచి కూడితే యాభై మూడు గంటలు.
"గడియారం నాలుగున్నర గంటలు వెనక్కి తిప్పుకో" అన్నాను.
"ఆ నాలుగున్నరకీ జీతం రాసుకుంటారా?"
"రాసుకోరు. వచ్చేటప్పుడు మళ్ళీ కట్టెయ్యాలి."
కాయ వంక చూశాడు,
దానికీ ఈ మాట చెప్పాలా అన్నట్టు.

అరుగు మీద కాయలమ్ముకునే దాలమ్మ
అంతసేపూ వింటూనే ఉంది.
లేచొచ్చి, కాయ లాక్కుని, చెవికి ఆనించి
వేలి కణుపుతో మూడు చోట్ల కొట్టింది.
ముచ్చిక దగ్గర వాసన చూసింది.
ముళ్ళ మీద అరచెయ్యి రాసింది, పసిబిడ్డ తల నిమిరినట్టు.
"మూడు రోజుల కాయ. బేగెల్లు."

ఆరు కిలోల కాయ, పాత లుంగీలో చుట్టి
ఏడు కిలోల చేతి సంచిలో పెట్టుకుని వెళ్ళాడు.

నాలుగో రోజు ఫోన్లో అతని గొంతు.
దోహాలో దుమ్ము గాలి.
విమానం పందొమ్మిది గంటలు కదల్లేదట.
రెండో రాత్రి, అద్దాల హాల్లో,
జనమంతా సంచుల మీద తలలు పెట్టి పడుకున్న వేళ
కాయ తనంతట తానే విచ్చుకుందట.
"అక్కా, దాద్దామన్నా దాగదు కదా వాసన.
భయపడి సచ్చిపోయాను, పోలీసులొత్తారని.
వచ్చినోళ్ళు పోలీసులు కాదు.
ఒకడిది బారువ, ఒకడిది కవిటి.
ఇద్దరు ఇచ్ఛాపురం అన్నదమ్ములు, పోలండు ఎల్తన్నారట.
వాసన పట్టుకుని వెతుక్కుంటా వచ్చేరు.
ఎవడి దగ్గరా కత్తి లేదు. కొబ్బరి నూనె మాత్రం ఉంది.
చేతులతోనే చీల్చీసినాం.
ఊడ్చే నేపాలీ కుర్రాడికీ ఒక తొన ఇచ్చేను."

దాలమ్మకి వినిపించాను.
నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.
లెక్క తప్పినందుకు మొహం చిన్నబుచ్చుకుంది.
"గాలి దుమ్ము నానెక్కడ సూసీది" అంది.
కాసేపాగి,
"పిక్కలు పారేసినారేటి? అడుగు."

అడిగాను. చొక్కా జేబులో పదకొండున్నాయట.

ఇవాళ ఇంకొకడొచ్చాడు, కొత్త కుర్రాడు,
వెల్డింగు నేర్చుకుని నెల కాలేదు.
వ్లాదివొస్టోక్ ఎంత దూరమక్కా అన్నాడు.
తెర మీద చుక్కలు పెట్టాను, గీత వచ్చింది, అంకె వచ్చింది.
చదివి చెప్పబోయి
ఎందుకో ఆగి
బల్ల చెక్క మీద వేలి కణుపుతో
మూడు చోట్ల కొట్టి చూశాను.